కావలికి కావలి: ఆసుపత్రి మానిటర్ల రీకాల్ వ్యవస్థ

ఆసుపత్రిలో రోగి పడక ప్రక్కన నిలిచి, అతని హృదయస్పందనను, రక్తపుపోటును, శ్వాసగతిని, రక్తమునందలి ప్రాణవాయు ప్రమాణమును క్షణక్షణము అంకెలుగను గీతలుగను చూపుచుండు యంత్రమును నేడు పల్లెటూరి జనులు సైతము మానిటరు అనియే పిలుచుచున్నారు. శస్త్రచికిత్సాలయమునందును, ఐ.సి.యు. నందును, తుదకు తాలూకా కేంద్రములోని చిన్న నర్సింగుహోమునందును ఈ యంత్రము లేని చికిత్సను ఊహించుట కష్టము. ఇట్టి యంత్రము దోషయుక్తమైనదని తయారీదారు గుర్తించి, దానిని సవరించుటకో మరలించుటకో పూనుకొను ప్రక్రియ రీకాల్ అనబడుచున్నది. ఈ రీకాల్ ప్రకటనలు ఏల వెలువడుచున్నవి, వానివలన రోగికి వాస్తవముగా ఎంత రక్షణ చేకూరుచున్నది, మన దేశమునందు ఈ వ్యవస్థ ఏ స్థితిలోనున్నది అను ప్రశ్నలు వైద్యులకును ఇంజనీర్లకును మాత్రమే విడిచిపెట్టదగినవి కావు.

తక్కిన వైద్యపరికరములకును మానిటరునకును ఒక ముఖ్యమైన భేదము గలదు. 1985 మొదలు 1987 వరకు అమెరికా, కెనడా దేశములలో థెరాక్ 25 అను రేడియేషన్ చికిత్సాయంత్రము, ప్రోగ్రామునందలి లోపమువలన ఆరుగురు రోగులపై మితిమీరిన కిరణములను ప్రసరింపజేసినప్పుడు, వారి దేహములపై కాలిన గాయములే యంత్రదోషమునకు సాక్ష్యము పలికినవి. మందును ఎక్కించు పంపు చెడిన యెడల మందు హెచ్చియో తగ్గియో రోగికి హాని కలుగును. కృత్రిమమైన తుంటికీలు చెడిన యెడల నొప్పి పుట్టి రోగియే వైద్యుని కడకు వచ్చి మొఱపెట్టుకొనును. మానిటరు అట్టిది కాదు. అది ఏ చికిత్సయు చేయదు. చూచి చెప్పుటయే దాని పని. కావున దాని దోషము మౌనరూపమున గాని, నమ్మదగినట్లు కనబడు తప్పుటంకె రూపమున గాని ఉండును. కావలివాడు నిద్రించిన రాత్రి దొంగతనము జరుగక పోయినచో అతడు నిద్రించిన సంగతియే ఎవరికిని తెలియదు. జరిగినచో నేరము దొంగపైకి పోవును. అట్లే మానిటరు మూగవోయిన వేళ రోగి మరణించినచో, ఆ మరణము వ్యాధివలననా యంత్రమువలననా అని నిర్ణయించుట దుష్కరము. తీవ్రవ్యాధిగ్రస్తుడు మరణించుట ఎవరికిని వింతగా తోపదు గాన యంత్రముపై అనుమానము పుట్టదు. అనుమానము పుట్టనిచోట ఫిర్యాదు పుట్టదు. ఫిర్యాదు లేనిచోట రీకాల్ లేదు. మానిటర్ల భద్రతను గూర్చిన చర్చకంతటికిని ఈ చిక్కే మూలము.

దోషములు ఎచ్చట పుట్టునో తెలియవలెనన్న యంత్రపు పనితీరును కొంత పరికింపవలెను. ఛాతీపై అంటించిన ఎలక్ట్రోడుల ద్వారా హృదయమునందలి విద్యుత్సంకేతములు, మిల్లీవోల్టు పరిమాణము గల అత్యల్ప స్పందములు, తీగల వెంట యంత్రమును చేరును. చేతికి చుట్టిన కఫ్ నియతకాలమున గాలితో ఉబ్బి, మెల్లగా సడలుచు, ఆ సడలుటలో ధమని కలిగించు కంపములనుండి రక్తపుపోటును గణించును. వ్రేలికి తగిలించు ప్రోబు ఒక ప్రక్కనుండి ఎఱ్ఱని కాంతిని, కంటికి కానరాని పరారుణకాంతిని ప్రసరింపజేయగా, ఆ రెండింటిలో ఎంతెంత భాగము దాటి వచ్చినదో ఆవలి ప్రక్కనున్న గ్రాహకము కొలుచును. ప్రాణవాయువుతో కూడిన రక్తమును, అది కొఱవడిన రక్తమును ఈ రెండు కాంతులను భిన్నరీతుల గ్రహించును; నాడి కొట్టుకొనునప్పుడు మారు భాగమును మాత్రము వేరుచేసినచో చర్మమాంసములతో నిమిత్తము లేక రక్తపు లెక్క తేలునని 1970వ దశకపు తొలినాళ్ళలో జపాను ఇంజనీరు టకువో అవోయాగి కనుగొనెను. ఇట్లు సమకూరిన సంకేతములను ప్రోగ్రాము శోధించి అంకెలుగ మార్చును. అంకె హద్దు దాటినచో అలారము మ్రోగించును. నెట్‌వర్కు ద్వారా నర్సుల బల్లపైనున్న కేంద్రతెరకు పంపును. ప్రోబు మొదలు కేంద్రతెర వరకు ఏ అంచెలో లోపమున్నను ఫలితము ఒక్కటే: తెలియవలసిన సంగతి తెలియవలసినవారికి వేళకు తెలియదు.

వైద్యపరికరములపై రాజ్యనియంత్రణ చాల ప్రాచీనమైనది కాదు. అమెరికాలో డాల్కన్ షీల్డు అను గర్భనిరోధక సాధనమువలన బహుసంఖ్యాకులైన స్త్రీలు వ్యాధిగ్రస్తులైన పిమ్మట, 1976 మే 28న వైద్యపరికరముల సవరణచట్టము అమలులోనికి వచ్చినది. పరికరమువలన మరణము సంభవించినదని అనుమానము కలిగినచో ఆసుపత్రి నివేదింపవలెనను విధి 1990లో చేసిన మరియొక చట్టముతో గాని ఏర్పడలేదు. నేడు ఎఫ్.డి.ఏ. అని వ్యవహరింపబడు అక్కడి ఆహార ఔషధ నియంత్రణసంస్థ రీకాల్‌లను మూడు తరగతులుగ విభజించుచున్నది. మరణము గాని తీవ్రహాని గాని కలుగుటకు తగినంత అవకాశమున్నది మొదటి తరగతి. తాత్కాలికమైన లేక చికిత్సతో నయము కాగల హాని రెండవది. హాని కలుగు సూచన లేనిది మూడవది. ఆరోగ్యమునకు ముప్పు గల దోషమును సవరించుటకు పూనుకొనిన తయారీదారు పది పనిదినములలో ఆ సంగతిని తెలుపవలెను. నిర్బంధముగా రీకాల్ చేయించు అధికారము సంస్థకు ఉన్నను దానిని వినియోగించుట అరుదు. దాదాపు అన్నియు తయారీదారులు తాముగా ప్రారంభించునవియే. మరియు రీకాల్ అనగానే యంత్రమును లారీకెక్కించి ఫ్యాక్టరీకి పంపుదురని భావింపరాదు. పెక్కు సందర్భములలో అది కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించుట, ఒక బ్యాటరీనో తీగనో మార్చుట, లేక ఫలానా రీతిగా వాడవద్దని ఒక హెచ్చరిక పత్రమును పంపుట మాత్రమే. యంత్రము పడక ప్రక్కన యథాస్థానముననే ఉండును.

ఇటీవలి కొన్ని ఉదాహరణములను పరిశీలించినచో దోషముల వైవిధ్యము తెలియగలదు. 2023లో మొదటి తరగతి రీకాల్‌గా ప్రకటితమైన జీ.ఈ. హెల్త్‌కేర్ వారి ట్రూసిగ్నల్ ప్రోబుల సంగతి విచిత్రమైనది. ప్రాణవాయు శాతమును తప్పుగా చూపుట అందులోని దోషములలో ఒకటి. అంతకన్న ఘోరమైనది, ఆగిన గుండెను తిరిగి నడిపించుటకు డీఫిబ్రిలేటరుతో షాక్ ఇచ్చు సమయమున, ఆ విద్యుత్తులో కొంత భాగము ప్రోబు ద్వారా జారిపోయి గుండెకు చేరవలసినంత చేరకపోవచ్చుననియు, అట్లు చేరలేదని వైద్యునకు ఏ సూచనయు అందదనియు తేలుట. కొలుచుటకు మాత్రమే ఉద్దేశింపబడిన సాధనము ప్రాణరక్షణకే అడ్డు తగులగలదని ఎవరు తలంతురు? 2014లో స్పేస్‌ల్యాబ్స్ వారి ఆర్కాన్ అను మత్తుయంత్రముపై మొదటి తరగతి రీకాల్ వెలువడుటకు కారణము ఇంకను విస్మయావహము: ఆ యంత్రమునకున్న యు.ఎస్.బి. రంధ్రమున సెల్‌ఫోను ఛార్జింగునకు పెట్టినచో యంత్రమే పనిచేయుట మానివేయవచ్చును. రంధ్రము చేతికందునట్లున్నప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకనాడు ఫోను పెట్టకమానరను లోకానుభవము రూపకల్పన చేసినవారికి స్ఫురింపలేదు.

ఈ రెండింటియందును దోషము వస్తువులో నున్నది. మూడవ ఉదాహరణమున వస్తువునకు దోషమే లేదు. గుండెజబ్బు గలవారు ఇంటివద్ద ధరించు పరికరమునుండి వచ్చు ఈ.సీ.జీ.లను విశ్లేషించు ఫిలిప్స్ వారి సాఫ్ట్‌వేరులో ఒక అమరిక తప్పుగా ఉండుటచే, 2022 జూలై మొదలు 2024 జూలై వరకు కొన్ని ప్రమాదకరమైన గుండెలయల రికార్డులు వానిని చూడవలసిన సాంకేతికులకు చేరనే లేదు. ఛాతీపైనున్న పరికరము గ్రహించినది, సంకేతము ప్రయాణించినది, కాని చూచువాని తెరపైకి మాత్రము రాలేదు. రెండు మరణములును 109 హానులును ఈ రీకాల్ సందర్భమున నివేదితములైనవి. రెండేండ్లపాటు ఇది బయటపడకుండుటయే మౌనదోషస్వభావమునకు చక్కని నిదర్శనము: రాని నివేదికను గూర్చి ఆదుర్దాపడువాడెవ్వడు?

నాలుగవ రకపు దోషము నెట్‌వర్కునకు సంబంధించినది. 2020 జనవరిలో జీ.ఈ. సంస్థ వారి కొన్ని కేంద్రతెరలలోను టెలిమెట్రీ సర్వర్లలోను ఉన్న లొసుగుల ద్వారా పరాయివాడు నెట్‌వర్కులోనికి చొచ్చి అలారములను మూయవచ్చుననియు, లేని అలారములను మ్రోగింపవచ్చుననియు ఎఫ్.డి.ఏ. హెచ్చరించెను. 2025 జనవరి 30న చైనా దేశపు కాంటెక్ సంస్థ తయారుచేసిన సీ.ఎం.ఎస్. 8000 అను మానిటరును గూర్చి మరియొక హెచ్చరిక వెలువడెను. ఆ యంత్రము ఇంటర్నెట్టునకు తగిలింపబడగానే రోగి వివరములను తనలో ముందే వ్రాసియున్న ఒక విలాసమునకు పంపుచున్నదనియు, దూరమునుండి దానిలోని ఫైళ్ళను మార్చుటకు దొడ్డిదారి కలదనియు అమెరికా సైబర్ భద్రతాసంస్థ ప్రకటించెను. ఇది కుట్ర కాదు, అజాగ్రత్తతో చేసిన రూపకల్పన మాత్రమేయని తరువాత కొందరు పరిశోధకులు వాదించిరి. దీనివలన రోగికి హాని కలిగినట్లు తమ యెఱుకలో లేదని ఎఫ్.డి.ఏ.యే చెప్పెను. ఉద్దేశమేదైనను మనము గమనింపవలసిన సంగతి వేరొకటి గలదు. ఇదే యంత్రము ఎప్సిమెడ్ అను వేరొక పేరుతో, వేరొక నమూనా సంఖ్యతో కూడ అమ్ముడగుచుండెను. పేరు మార్చి అమ్మిన యంత్రమునకు రీకాల్ పత్రము ఏ చిరునామాకు పోవును? కాంటెక్ పేరు చూచి తమకు సంబంధము లేదని ప్రక్కకు నెట్టిన ఆసుపత్రిలోనే ఆ యంత్రము మరియొక ముసుగుతో పనిచేయుచుండవచ్చును.

రీకాల్ పరిధికే అందని దోషములు మరి రెండు గలవు. మొదటిది, ప్రతి యంత్రమును తన నమూనాకు సరిగానే ఉండి, నమూనాయే కొందరి విషయమున తప్పుట. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ నందు ప్రకటితమైన మిషిగన్ వైద్యుల పరిశీలనలో, వ్రేలిప్రోబు 92 మొదలు 96 శాతము వరకు చూపుచుండగా ధమనీరక్తములో వాస్తవముగా 88 శాతమునకన్న తక్కువయున్న సందర్భములు శ్వేతజాతీయులలో 3.6 శాతము కాగా, నల్లజాతీయులలో 11.7 శాతమని తేలినది. చర్మపు వన్నె కాంతిగ్రహణమును ప్రభావితము చేయుటయే ఇందులకు కారణముగా తలపబడుచున్నది. 2021 ఏప్రిల్, మే నెలలలో కోవిడ్ రెండవ ఉధృతి వచ్చినప్పుడు మన తెలుగునాట ఇంటింట ఆక్సీమీటరు కొని, 94 అను అంకెను ప్రాణరేఖగ భావించి, దాని పైనున్నప్పుడు ఊపిరి పీల్చుకొని, క్రిందికి జారినప్పుడు ఆసుపత్రుల వెంట పరుగెత్తిన జ్ఞాపకము ఇంకను పచ్చిగానే యున్నది. పసిమి మొదలు కారునలుపు వరకు వన్నెలు గల మన జనులలో ఆ అంకె అందరికిని ఒకే సత్యమును చెప్పుచుండెనని ఎవరు హామీ ఈయగలరు? 2021 ఫిబ్రవరిలో ఎఫ్.డి.ఏ. ఈ పరిమితిని గూర్చి హెచ్చరించెను; 2025 జనవరిలో వివిధవర్ణముల వారిపై పరీక్షింపవలెనని ముసాయిదా సూచనలు చేసెను. కాని ఏ ఒక్క ప్రోబునకును ఈ కారణమున రీకాల్ లేదు. నమూనా ప్రకారము తయారైన వస్తువును దోషయుక్తమనుటకు నియమములు చాలవు.

రెండవది అలారముల అతివృష్టి. రోగి ప్రక్కకు ఒత్తిగిలగా ఒక లీడు ఊడినను, ప్రోబు వ్రేలినుండి జారినను, దగ్గు వచ్చి గీత చెదరినను యంత్రము కేక పెట్టును. ఇట్టి కేకలలో అత్యధికభాగము చికిత్స అక్కఱలేనివి కాగా, రాత్రి డ్యూటీలో పదిమంది రోగులను చూచుకొను సిస్టరుకు క్రమక్రమముగా చెవి మొద్దువారుట మానవస్వభావము. ధ్వనిని తగ్గించుట, హద్దులను విశాలము చేయుట, తుదకు అలారమునే కట్టివేయుట ఇట్లు సంభవించును. 2009 జనవరి మొదలు 2012 జూన్ వరకు తన దృష్టికి వచ్చిన అలారము సంబంధమైన 98 ఘటనలలో 80 మరణమునకు దారితీసినవని, ఆసుపత్రులకు గుర్తింపునిచ్చు అమెరికా జాయింట్ కమిషన్ 2013లో ప్రకటించెను. యంత్రము మ్రోగినది, మనిషి వినలేదు అని ఇట్టి ఘటనలను సిబ్బంది పద్దున వ్రాయుట పరిపాటి. నిష్ప్రయోజనముగా మ్రోగి మ్రోగి మనిషిని వినకుండ చేసిన యంత్రమునకు అందులో పాలు లేదా అను ప్రశ్న అరుదుగా వినబడును.

ఇన్ని దోషములు అనుమతి దశయందే ఏల పట్టుబడవు? అమెరికాలో మానిటర్లు ఎక్కువగా, పూర్వము అనుమతి పొందిన వేరొక యంత్రముతో సమానమని చూపినచో చాలునను సులభమార్గమున విపణికి వచ్చుచున్నవి. 2005 మొదలు 2009 వరకు అత్యంత ప్రమాదకరములుగ ఎంచబడిన 113 రీకాల్‌లను పరిశీలించిన ఒక అధ్యయనమున, 71 శాతము ఈ మార్గమున వచ్చిన పరికరములేయని తేలినది. 2006 మొదలు 2011 వరకు వెలువడిన 5,294 రీకాల్‌లను శోధించిన మరియొక అధ్యయనము, వానిలో 1,210 కంప్యూటరు సంబంధమైన లోపములవలన కలిగినవని లెక్కించెను. తీగ తెగినచో కంటికి కనబడును. ప్రోగ్రాములోని తప్పు, దానిని మేల్కొలుపు ప్రత్యేకపరిస్థితి వచ్చువరకు ఎన్ని పరీక్షలు చేసినను నిద్రించియుండును. రీకాల్ వెలువడిన పిదపనైనను పని పూర్తియగుచున్నదా అన్న, అదియును లేదు. 2005 మొదలు 2009 వరకు జరిగిన 3,510 రీకాల్‌లపై అమెరికా ప్రభుత్వ లెక్కతనిఖీ కార్యాలయము 2011లో సమర్పించిన నివేదికలో, తీవ్రమైన సందర్భములలో సైతము తయారీదారులు దోషయుక్త పరికరములన్నింటిని సవరింపలేకుండిరని నిర్ధారించెను. ధనబలమును, చట్టబలమును గల దేశపు స్థితియే ఇట్లున్నది.

ఇక మన దేశమును గూర్చి. వైద్యపరికరముల నియమావళి 2017లో ప్రకటితమై 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి సమస్త వైద్యపరికరములును ఔషధచట్టపు పరిధిలోనికి చేరినవి. ప్రాణసూచికలలోని మార్పు వెంటనే ప్రాణాపాయమునకు దారితీయగల సందర్భములందు వానిని గమనించు యంత్రములు ఈ నియమావళి ప్రకారము సి తరగతికి చెందును. ఆ తరగతికి లైసెన్సు 2023 అక్టోబరు 1 నుండి నిర్బంధమైనది. దోషమును గుర్తించిన తయారీదారుగాని దిగుమతిదారుగాని పరికరమును మరలింపవలెనను విధియు అందు గలదు. పరికరములవలన కలుగు హానులను నమోదుచేయుటకు 2015 జూలై 6న ఘజియాబాదునందలి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యమున మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమము ప్రారంభమైనది. కాగితముపై ఈ కట్టడము తక్కువది కాదు. కాని విదేశీ రీకాల్ మన రోగివరకు వచ్చునప్పటికి ఏమగునో డిప్యూ సంస్థ వారి తుంటికీళ్ళ ఉదంతము తెలిపినది. 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తముగా మరలింపబడిన ఆ కీళ్ళపై కేంద్రప్రభుత్వము నిపుణులసంఘమును నియమించినది 2017లో. అప్పటికి వానిని అమర్చుకొనిన భారతీయులలో అధికసంఖ్యాకుల ఆచూకీయే దొరకలేదు. దేహములో పాతుకొని నొప్పి పుట్టించు కీలు విషయముననే ఇట్లు జరిగినప్పుడు, వార్డునుండి వార్డునకు బండిపై తిరుగుచుండు మానిటరు మాట చెప్పవలెనా?

ఒక జిల్లా ఆసుపత్రికి రీకాల్ పత్రము చేరినదనుకొందము. ఫలానా నమూనా, ఫలానా సీరియల్ సంఖ్య మొదలు ఫలానా వరకు, ఫలానా సాఫ్ట్‌వేరు గలవి అని అందుండును. బయోమెడికల్ ఇంజనీరు ఆ కాగితము చేతబట్టి బయలుదేరును. మానిటర్లలో కొన్ని టెండరు ద్వారా కొన్నవి, కొన్ని కోవిడ్ కాలమున దాతలిచ్చినవి, కొన్ని పాత వార్డు మూసినప్పుడు వచ్చి చేరినవి. స్టాకు రిజిస్టరులో మానిటర్లు అని సంఖ్య ఉండును గాని సీరియల్ అంకె ఉండకపోవచ్చును. యంత్రము వెనుక చీటీపైనున్న అక్షరములు ఏండ్ల తరబడి స్పిరిటుతో తుడువగా వెలిసిపోయియుండును. సాఫ్ట్‌వేరు సంఖ్యను చూడవలెనన్న సర్వీసు మెనూలోనికి పోవలెను; దాని పాస్‌వర్డు కంపెనీ మనిషివద్ద ఉండును; ఆ డీలరు దుకాణము కట్టివేసి మూడేండ్లయియుండును. అన్నియు కుదిరినను యంత్రము ఒక రోగికి తగిలింపబడియున్నది. దానిని విప్పవలెనన్న బదులు యంత్రము కావలెను. బదులు యంత్రము లేదు. పత్రము ఫైలులో చేరును. ఇందు ఎవరి దుర్మార్గమును లేదు. పత్రమునకును పడకకును నడుమ దారి లేదు, అంతియే.

నిర్వహణ ఒప్పందములు సైతము ఈ దారిని వేయుటలేదు. 2015 నుండి జాతీయ ఆరోగ్యమిషన్ క్రింద ప్రభుత్వాసుపత్రుల పరికరముల మరమ్మతును కాంట్రాక్టునకు ఇచ్చు పద్ధతి ప్రబలినది. ఆంధ్రప్రదేశము దీనిని తొలుదొల్త చేపట్టిన రాష్ట్రములలో ఒకటి. మూలబడిన యంత్రములు పెక్కు దీనివలన మరల నడువసాగినవనుట నిజము. అయితే ఈ ఒప్పందములలో కొలమానము యంత్రము ఎంతకాలము నడుచుచున్నదనునదే. రీకాల్‌కు గురియైన మానిటరు తెర వెలుగుచు, అంకెలు మారుచు ఉన్నంతకాలము, ఆ లెక్కలో అది నిక్షేపముగా పనిచేయుచున్నట్లే. నడుచుటయు, నిజము చెప్పుటయు వేర్వేరు సంగతులని ఒప్పందములు గుర్తింపవలెను. మరియు విశాఖపట్టణమున ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్, హైదరాబాదు సమీపమున సుల్తాన్‌పూరు వైద్యపరికరముల పార్కు వెలసిన పిదప, తెలుగువారు ఈ యంత్రములను వాడువారు మాత్రమే గాక చేయువారు కూడ అగుచున్నారు. అమ్మిన ప్రతి యంత్రము ఎచ్చట నున్నదో తెలిసియుండుట ఈ తయారీదారులకు మొదటినుండియు అలవాటు కావలెను. పరిశ్రమ పెరిగిన తరువాత ఆ అలవాటును క్రొత్తగా నేర్చుట కష్టము.

ఈ వాదమునకు ప్రతివాదములు లేకపోలేదు. ప్రతి చిన్న లోపమునకును పత్రములు పంపినచో అలారముల గతియే పత్రములకును పట్టుననియు, అనుమానము గల మానిటరును తీసివేసి రోగిని మానిటరే లేకుండ ఉంచుట అధికతరమైన ప్రమాదమనియు కొందరందురు. ఈ రెండును విచారార్హములే. కావుననే రీకాల్ పత్రము, దోషమును చెప్పి ఊరకుండక, సవరణ జరుగువరకు వార్డులో ఏమి చేయవలెనో, ఏ అంకెను ఏ రీతిగా సరిచూచుకొనవలెనో ఒక పుటలో సిస్టరుకు అర్థమగు భాషలో చెప్పవలెను. నివేదించిన ఆసుపత్రికే చెడ్డపేరు వచ్చునను భయమును తొలగింపవలెను; హాని జరుగక తప్పిపోయిన సందర్భములను సైతము నమోదు చేయు అలవాటు కావలెను, ఏలయన మౌనదోషము బయటపడుటకు అవియే ముఖ్యద్వారములు. కొనుగోలు టెండరులో ధరతోపాటు, రీకాల్ వచ్చినచో ఎన్ని దినములలో సవరింతురో, అందాక బదులు యంత్రము నిత్తురో లేదో స్పష్టముగా వ్రాయించుకొనవలెను. దాతలిచ్చిన యంత్రమైనను సీరియల్ అంకె రిజిస్టరుకెక్కక వార్డులో అడుగు పెట్టరాదు.

ఇవి బహువ్యయముతో కూడిన సంస్కరణములు కావు; వీనిలో పెక్కింటికి ఒక రిజిస్టరును, దానిని నమ్మకముగా నిర్వహించు ఒక మనిషియు చాలును. మానిటరు తన దోషమును తాను చెప్పుకొనలేదు; దాని దోషమునకు బలియైన రోగియు చెప్పలేడు. ఆ మాట చెప్పుటకు మూడవవాని నొకనిని నియమించుటయే రీకాల్ వ్యవస్థ పరమార్థము. తయారీదారు ఉత్తరము పంపిన దినమున గాని, నియంత్రణసంస్థ ప్రకటన చేసిన దినమున గాని ఆ పని ముగిసినట్లు లెక్కింపరాదు. ఆసుపత్రి రిజిస్టరులో ఆ యంత్రపు సీరియల్ అంకెకు ఎదురుగా సవరణ తేదీయు, సవరించినవాని సంతకమును పడిన దినముననే లెక్కింపవలెను.